ఉంగరంలో చిక్కిన రంగు

1990ల తొలినాళ్ళలో మాంచెస్టర్‌లో డేవిడ్ లీ బృందానికి కావలసింది ఒక ఉంగరం. బంగారంది కాదు, అణువుది. పొడవాటి అణువు వంగి, రెండు చివరలూ కలుపుకుంటే ఏర్పడే ఉంగరం. దాని నడిమి ఖాళీలో కార్బన్ డయాక్సైడ్ వచ్చి కూర్చుంటే ఆ వాయువును పసిగట్టవచ్చని వారి ఆలోచన. తయారీ పెద్ద కష్టం కాదు. ఒక ఆమ్ల క్లోరైడ్‌ను, ఒక డయమీన్‌ను కలపాలి. రెండు దాంట్లోవి, రెండు దీంట్లోవి, మొత్తం నాలుగు ముక్కలు ఎమైడ్ బంధాలతో ఒకదాని చేయి ఒకటి పట్టుకుంటే ఉంగరం సిద్ధం.

పదార్థమైతే వచ్చింది. స్ఫటికాన్ని ఎక్స్-రేలతో పరిశీలిస్తే కనిపించినవి రెండు ఉంగరాలు, ఒకదానిలోంచి ఒకటి దూరి. నాలుగు కాదు, ఎనిమిది ముక్కలు తమంతట తామే అమరి గొలుసు కట్టేశాయి. ఎవరూ దారి చూపలేదు, లోహాల సాయమూ లేదు. దిగుబడి నూటికి ఇరవై దాకా ఉంది. 1995లో ఈ ఫలితం అచ్చయింది. అంతకు మూడేళ్ళ ముందు క్రిస్టఫర్ హంటర్‌కు కూడా ఇలాగే జరిగింది. బెంజోక్వినోన్‌ను పట్టుకునే ఉంగరం కోసం వెళితే అతని చేతికీ గొలుసే చిక్కింది. పట్టే ఉంగరం కోసం బయలుదేరిన ఇద్దరికీ దొరికింది అది కాదు. దొరికినదాన్ని పారేయకుండా అది ఎందుకు ఏర్పడిందని అడగడం వల్లే, పదిహేనేళ్ళ తరవాత అదే ఎమైడ్ ఉంగరం మళ్ళీ సెన్సర్‌గా తిరిగివచ్చింది. ఈసారి దాని ఒడిలో ఒక రంగు అణువు ఉంది.

ఒకదానిలో ఒకటి చిక్కుకున్న అణువులను చేయాలన్న కోరిక అప్పటికే పాతది. 1960లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో ఎడెల్ వాసర్‌మన్ దాన్ని అదృష్టానికి వదిలి సాధించాడు. 34 కార్బన్ల ఉంగరాలున్న ద్రావణంలో మరో పొడవాటి అణువు చివరలు కలిపితే, ఎక్కడో ఒకటి రెండు ఉంగరంలోంచి దూరి ఉండగా ముడిపడకపోతాయా అన్నది లెక్క. ముడిపడ్డాయి, కానీ అతి స్వల్పంగా. గుర్తుపట్టడానికి ఒక ఉంగరంలో హైడ్రోజన్ల బదులు కొన్ని డ్యుటీరియం పరమాణువులను పెట్టుకోవలసివచ్చింది. 1967లో ఇయన్ హారిసన్, షుయెన్ హారిసన్ ఇంకో రూపం చేశారు. ఉంగరంలోంచి ఒక కడ్డీ, కడ్డీ రెండు చివరలా ఉంగరం జారిపోకుండా లావాటి బుడిపెలు. దీన్ని రొటాక్సేన్ అంటున్నాం. గొలుసు కట్టిన ఉంగరాలు కాటనేన్లు. హారిసన్‌లు ఉంగరాలను రెసిన్ పూసలకు అంటించి, అదే చర్యను 70 సార్లు జరిపితే చేతికి వచ్చింది ఆరు శాతం. ఆ ఓపికకు నమస్కారం చేయవలసిందే. అయినా ఆ లెక్కన ఎవరూ సెన్సర్లు చేయలేరు.

దారి తెరిచినవాడు స్ట్రాస్‌బర్గ్‌లో జాఁ-పియెర్ సొవాజ్. ఆయన ధ్యాసా గొలుసుల మీద లేదు. సూర్యకాంతితో నీటిని విడగొట్టాలన్న తపనతో రాగి సంయోగాల వెలుగును గమనిస్తున్నాడు. రెండు నెలవంకల్లాంటి ఫినాంత్రోలిన్ అణువులు రాగి అయాన్ చుట్టూ ఒకదానికొకటి అడ్డంగా అమరే తీరు చూశాక, ఆ నెలవంకల కొనలు కలిపేస్తే చాలునని తట్టింది. రాగి రెండింటినీ పట్టి ఉంచుతుంది, కొనలు కలిశాక రాగిని తీసేయవచ్చు. క్రిస్టియాన్ డీట్రిష్-బుఖెకర్, కింట్జింగర్‌లతో కలిసి 1983లో ఆయన ప్రకటించిన దిగుబడి 42 శాతం. ఒక్క విడతలో ఒక శాతం కూడా దక్కని చోట నలభై రెండు! 2016లో స్టొడార్ట్, ఫెరింగాలతో పాటు ఆయనకు వచ్చిన నోబెల్‌కు బీజం ఇక్కడే పడింది. వెలిగే అణువుల కోసం చేస్తున్న పనిలోంచే గొలుసులు చేసే విద్య పుట్టిందన్నది ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. కాంతి, ముడి మొదటినుంచీ పక్కపక్కనే ఉన్నాయి.

కాంతి వైపు కథ ఇంకా పాతది. 1920ల మొదట్లో జర్మనీలోని గోటింగెన్‌లో కారియో, ఫ్రాంక్ పాదరసం ఆవిరినీ థాలియం ఆవిరినీ కలిపి, పాదరసం మాత్రమే పీల్చుకోగల కాంతిని పంపారు. వెలిగింది థాలియం! శక్తి ఒక పరమాణువు నుంచి పక్కదానికి చేరిందన్నమాట. ఎలా చేరిందో లెక్కకట్టి చెప్పినవాడు థియోడర్ ఫోర్‌స్టర్. యుద్ధం ముగిసిన రోజుల్లో, 1946లో ఒకటి, 1948లో ఇంకొకటి, రెండు వ్యాసాల్లో దాన్ని తేల్చాడు. ఆయనను వేధించిన ప్రశ్న ఆకులది. ఆకులో లెక్కలేనన్ని పత్రహరితం అణువులున్నా పని జరిగే కేంద్రాలు కొన్నే. ఎక్కడో పడిన వెలుగు ఆ కేంద్రానికి ఎలా చేరుతోంది?

వీణ పక్కన అదే శ్రుతిలో ఉన్న తంబురా తీగ ఎవరూ మీటకుండానే మ్రోగినట్టు, ఉత్తేజం పొందిన అణువు వెలుగును బయటికి వదలకుండానే తన శ్రుతికి సరిపోయే అణువుకు శక్తిని అందిస్తుంది. మధ్యలో ఫోటాన్ ఎగిరి వెళ్ళడమంటూ ఏమీ ఉండదు. ఇచ్చేది వదలగల రంగూ, పుచ్చుకునేది పీల్చగల రంగూ కలవాలి, దూరం తక్కువ ఉండాలి. దూరం మీద ఈ బదిలీ ఆధారపడే తీరు చాలా కరుకు. దూరం రెట్టింపైతే బదిలీ వేగం రెండో వంతుకో నాలుగో వంతుకో కాదు, అరవై నాలుగో వంతుకు పడిపోతుంది. ఇది నిజమేనా అని 1967లో స్ట్రయర్, హాగ్లండ్ కొలిచి చూశారు. ప్రోలిన్ ముక్కలతో గట్టి కడ్డీలు చేసి, రెండు చివరలా రెండు రంగులు అంటించి, కడ్డీ పొడవు మారుస్తూ పోయారు. ఫోర్‌స్టర్ సూత్రంలో దూరం ఘాతం 6. వారి కొలతలో వచ్చింది 5.9. నానోమీటర్లను కొలిచే స్కేలు దొరికిందని శాస్త్రలోకానికి తెలిసింది అప్పుడే.

సెన్సర్ల వైపు నుంచి చూస్తే ఈ స్కేలు అవసరం ఎందుకొచ్చిందో తెలుస్తుంది. కొలంబోలో చదువుకుని బెల్‌ఫాస్ట్‌లో పనిచేసిన ప్రసన్న డి సిల్వా 1980ల నుంచి చక్కటి సూత్రం మీద సెన్సర్లు కట్టాడు. వెలిగే భాగం ఒక కొస, అయాన్‌ను పట్టే భాగం ఇంకో కొస, నడుమ చిన్న వంతెన. అయాన్ లేనప్పుడు పట్టే భాగం నుంచి ఎలక్ట్రాన్ దూకి వెలుగును ఆర్పేస్తుంది. అయాన్ వచ్చి కూర్చుంటే ఆ ఎలక్ట్రాన్ కదలదు, దీపం వెలుగుతుంది. రక్తంలో సోడియం, పొటాషియం కొలిచే ఆసుపత్రి పరికరాల దాకా ఈ ఆలోచన వెళ్ళింది. అయితే ఒకే రంగు వెలగడమో ఆరడమో చూసే సెన్సర్‌కు ఒక చిక్కు ఉంది. వెలుగు తగ్గితే అయాన్ తగ్గినట్టా, రంగు పాడైనట్టా, దీపం మసకబారినట్టా? చెప్పలేం. రెండు రంగులు వెలిగి, ఒకటి తగ్గినకొద్దీ రెండోది పెరిగితే ఆ నిష్పత్తికి ఈ బెడద ఉండదు. దానికి శక్తి బదిలీ కావాలి. 1997లో రోజర్ సియెన్ ప్రయోగశాలలో రెండు రంగుల ప్రోటీన్ల నడుమ కాల్షియాన్ని పట్టే భాగం పెట్టి ఇదే సాధించారు. కాల్షియం రాగానే అణువు ముడుచుకుని రంగులు దగ్గరవుతాయి, వెలుగు నీలం నుంచి పసుపు వైపు జరుగుతుంది.

ప్రోటీన్ పెద్దది, మడతలు పడటం దాని సహజగుణం. క్లోరైడ్, ఫ్లోరైడ్, నైట్రేట్ లాంటి చిన్న రుణ అయాన్లను పట్టే చిన్న అణువుల్లో అంత మడత ఎక్కణ్ణుంచి వస్తుంది? రెండు రంగులను మామూలు బంధంతో గట్టిగా కట్టేస్తే అవి కదలవు. విడివిడిగా ద్రావణంలో వదిలేస్తే కలిసిందీ విడిపోయిందీ గాఢతను బట్టి ఉంటుంది, పలచబరిస్తే జంట చెదిరిపోతుంది. పెనవేసుకున్న అణువు వీటి నడుమ మూడో దారి. ఉంగరం కడ్డీ మీద జారవచ్చు, దాని చుట్టూ తిరగవచ్చు, వెళ్ళిపోవడం మాత్రం కుదరదు. కదలికా ఉంది, తెగిపోని తోడూ ఉంది. ఈ రెండూ ఒకే అణువులో కావలసిన పని ఏదైనా ఉందంటే అది శక్తి బదిలీతో నడిచే సెన్సరే. పెనవేసుకున్న అణువులను వింత ఆకారాలని ముచ్చటపడి వదిలేసేవారికి నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఇక ఆ రంగు సంగతి. స్క్వరేన్ అనే ముదురు నీలి రంగుల కుటుంబాన్ని 1965లో జర్మనీలో ట్రైబ్స్, యాకోబ్ తయారుచేశారు. నాలుగు కార్బన్ల చిన్న చతురస్రం నడుమ, ఎదురెదురుగా రెండు ఆక్సిజన్లు, అటూ ఇటూ బెంజీన్ వలయాలు. ఎరుపు చివర, దాదాపు పరారుణం అంచున వెలుగుతాయి. ఒంట్లోని కణజాలాన్ని దాటి రాగల వెలుగు అది. తిరువనంతపురంలోని ప్రాంతీయ పరిశోధనాలయంలో సురేశ్ దాస్, కె. జార్జ్ థామస్, ఎం. వి. జార్జ్, అమెరికాలో ఉన్న ప్రశాంత్ కామత్‌తో కలిసి 1992 నుంచి ఈ రంగుల కాంతి ధర్మాలను వరసగా వెలికితీశారు. సైక్లోడెక్స్ట్రిన్ అనే చక్కెర ఉంగరం చెంత చేరిన స్క్వరేన్ మరింత వెలుగుతుందని అప్పుడే చూపారు. ఉంగరం రంగును కాపాడగలదన్న సూచన అందులో ఉంది.

కాపాడవలసిన అవసరం నిజంగానే ఉంది. ఆ చతురస్రానికి ఎలక్ట్రాన్ల కొరత. గంధకం ఉన్న సిస్టీన్ లాంటి అణువు తాకితే చాలు, రంగు విరిగిపోతుంది. నీటిలో ఈ రంగు అణువులు ఒకదాని మీద ఒకటి పేరుకుని వెలుగు మింగేసుకుంటాయి కూడా. అమెరికాలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంలో బ్రాడ్లీ స్మిత్ దీనికి మందు వెతుకుతూ డేవిడ్ లీ ఎమైడ్ ఉంగరం దగ్గరకు వచ్చాడు. లీ గొలుసు ఎందుకు ఏర్పడిందో అప్పటికి తేలిపోయింది. సగం తయారైన ఉంగరంలోని నత్రజని-హైడ్రోజన్ చేతులు, ఇంకో అణువులోని ఆక్సిజన్‌ను హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. ఆ పట్టు ఉండగానే ఉంగరం మూసుకుంటుంది. అలాంటి ఆక్సిజన్లు ఎదురెదురుగా రెండు ఉన్న స్క్వరేన్ ఆ పట్టుకు అచ్చుపోసినట్టు సరిపోయింది. రంగు సమక్షంలో ఉంగరాన్ని కట్టారు, రంగు లోపల చిక్కింది. 2005లో ఆ రొటాక్సేన్లు అచ్చులో వచ్చాయి. ఒంటరిగా ఇట్టే పాడైపోయే స్క్వరేన్ ఉంగరంలో గట్టిగా నిలిచింది.

తరవాతి అడుగులో శక్తి బదిలీ దానంతట అదే వచ్చి చేరింది. ఉంగరం గోడలను ఆంత్రసీన్‌తో కట్టినప్పుడు, ఆంత్రసీన్ అతినీలలోహితం అంచున, 390 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. పీల్చుకున్నది తాను వెలగకుండా ఒడిలోని స్క్వరేన్‌కు ఇచ్చేస్తుంది. వెలుగు 700 నానోమీటర్ల చెంత, ముదురు ఎరుపులో బయటికి వస్తుంది. పీల్చిన కాంతీ బయటికి వచ్చే వెలుగూ అంత దూరం రంగుల్లో ఉండటం పరిశోధకుడికి పండగే. పంపిన కాంతి వచ్చే వెలుగులో కలిసిపోదు. పైగా రంగు ఉంగరంలో లేకపోతే ఆ ఎర్ర వెలుగు రాదు. 2015లో స్మిత్ బృందం నీటిలో ఉంగరంలోకి స్క్వరేన్ కడ్డీ దూరడాన్ని ఈ బదిలీతోనే గమనించింది. దూరిన క్షణాన ఎరుపు మొదలవుతుంది.

మొదట్లో చెప్పిన సెన్సర్ అంతకు ముందే, 2010లో వచ్చింది. అది పసిగట్టేది క్లోరైడ్‌ను. ఈసారి కామత్ కూడా స్మిత్‌తో ఉన్నాడు. ఉంగరం చేతులు స్క్వరేన్ ఆక్సిజన్లను పట్టుకున్నాయని చెప్పాను కదా. క్లోరైడ్ వస్తే ఆ చేతులు దానివైపు తిరుగుతాయి. ఉంగరం రంగు మీంచి పక్కకు జరుగుతుంది. ఇందులో వెలుగు మారడానికి కారణం శక్తి బదిలీ కాదు. మీద కూర్చున్న ఉంగరం రంగు ఉత్తేజాన్ని కొంత ఆర్పేస్తుంటుంది, తప్పుకుంటే అది ఆగిపోతుంది. ఉత్తేజిత స్థితి ఆయుష్షు 1.5 నానోసెకన్ల నుంచి 3.1కి పెరిగింది, ముదురు ఎరుపు వెలుగు మూడింతలైంది. కంటికి కనిపించేంత తేడా. ఈ రొటాక్సేన్‌ను సిలికా పట్టీ కొసకు పట్టించి ఒక క్లోరైడ్ లవణపు ద్రావణంలో ముంచితే వెలుగు పద్దెనిమిదింతలు పెరిగింది. మంచినీటితో కడిగితే తిరిగి మొదటికి వచ్చింది. పట్టీలో వాడిన లవణం మన ఉప్పు కాదు, టెట్రాబ్యూటైల్ అమ్మోనియం క్లోరైడ్. గాఢత కూడా ఎక్కువే. అయినా ఒక యంత్రం లాంటి కదలిక ముంచగానే వెలుగై కనిపించడం, కడగగానే చెరిగిపోవడం మొదటిసారి చదివినప్పుడు ఎంత సంతోషం కలిగించిందో ఇప్పటికీ అంతే.

ఇక్కడ ఫోర్‌స్టర్ సూత్రం గురించి ఒక మాట చెప్పాలి. ఉంగరం జారితే దూరం మారుతుంది, కనుక బదిలీ మారుతుందని అనుకోవడం తేలిక. లెక్క వేస్తే అంత తేలిక కాదు. ఫోర్‌స్టర్ జంటలకు సగం శక్తి చేరే దూరం తరచుగా నాలుగైదు నానోమీటర్లు ఉంటుంది. రొటాక్సేన్‌లో ఉంగరం జరిగేది నానోమీటరో, ఇంకాస్తో. సగం శక్తి చేరే దూరం 5 నానోమీటర్లు అనుకుంటే, రంగులు 1.5 నానోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు 99.9 శాతం శక్తి చేరుతుంది. 2.5కి జరిగినా 98 శాతం పైనే. అంత కదిలినా కన్ను గుర్తుపట్టదు. అందుకే ఈ రంగంలో తెలివైన పని అంతా వేరే దార్లలో జరిగింది. ఒకటి, అయాన్ రాకతో రంగుల శ్రుతే మారేలా చూడటం. రెండోది డెక్స్టర్ 1953లో చెప్పిన బదిలీ. ఎలక్ట్రాన్ల మార్పిడితో జరిగే ఆ బదిలీకి అణువులు దాదాపు ఒకదానినొకటి తాకాలి, కాస్త ఎడం జరిగినా తెగిపోతుంది. రొటాక్సేన్ కదలికకు ఈ కొలబద్దే సరిపోతుంది.

మూడో దారి యూరోపియం. ఈ లోహ అయాన్ వెలిగితే అచ్చమైన ఎరుపు, సన్నని గీతల్లో. ఆ వెలుగు మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. తక్కిన చెత్త వెలుగులన్నీ నానోసెకన్లలో ఆరిపోతాయి గనక, ఒక్క క్షణం ఆగి చూస్తే యూరోపియం ఒక్కటే మిగులుతుంది. చిక్కేమిటంటే తనంతట తాను కాంతిని పీల్చుకోవడం దానికి పెద్దగా చేతకాదు. 1942లో శామ్యూల్ వైస్‌మన్ దాన్ని కర్బన అణువుల నడుమ పెట్టి, ఆ అణువులు పీల్చిన కాంతి యూరోపియానికి చేరి ఎర్రగా రావడం చూశాడు. ఇంకో గుణం, నీటి అణువు దానికి అంటుకుంటే ఆ వెలుగు ఆరుతుంది, నీటిని తోసి రుణ అయాన్ వచ్చి కూర్చుంటే పెరుగుతుంది.

ఆక్స్‌ఫర్డ్‌లో పాల్ బీర్ 2002లోనే ఒక కొత్త అచ్చు కనిపెట్టాడు. సొవాజ్ రాగిని వాడిన చోట ఆయన క్లోరైడ్‌ను వాడాడు. క్లోరైడ్ చుట్టూ ఉంగరాన్నీ కడ్డీనీ అమర్చి ముడివేశాక క్లోరైడ్‌ను తీసేస్తే, దాని ఆకారం గుర్తున్న గూడు మిగులుతుంది. పట్టవలసిన అయానే పట్టే గూటిని చెక్కిపెట్టిందన్నమాట. అక్కడే ఉన్న స్టీవ్ ఫాల్క్‌నర్‌కు యూరోపియం లాంటి లాంథనైడ్ల వెలుగు మీద చాలా పట్టు ఉంది. ఇద్దరి బృందాలూ కలిసి 2013లో యూరోపియం తగిలించిన రొటాక్సేన్లు చేశాయి. క్లోరైడ్ గాఢత మారితే వాటి వెలుగు మారింది. మరుసటి ఏడాది నైట్రైట్‌ను అచ్చుగా వాడి యూరోపియం రొటాక్సేన్ చేశారు. నైట్రైట్‌ను తీసేశాక ఆ గూడు ఎంచి పట్టుకున్నది ఫ్లోరైడ్‌ను.

ఫ్లోరైడ్ అన్న మాట దగ్గర తెలుగు పాఠకుడు ఆగక తప్పదు. మన నేలలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి వైద్య పత్రికల్లో మొదట రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించి. నల్గొండ పేరు నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికే పేరైంది. పటిక, సున్నంతో చేసే ఆ విధానం 1970లలో వచ్చింది. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని మన ప్రమాణం. కచ్చితంగా కొలవడానికి ఇప్పుడు ఎక్కువగా వాడేది 1966లో ఫ్రాంట్, రాస్ చేసిన ఎలక్ట్రోడ్ రకాన్నే. దాని గుండెలో ఉన్న లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికంలోనూ కాస్త యూరోపియం కలుపుతారు, అక్కడ వెలుగు కోసం కాదు, విద్యుత్తు సాఫీగా సాగడం కోసం.

ఆక్స్‌ఫర్డ్ రొటాక్సేన్ బావినీళ్ళను పరీక్షించే పరికరం కాదు, ప్రయోగశాల ద్రావణిలో నిరూపణ. అడ్డు నీరే. రుణ అయాన్‌ను పట్టాలంటే దాన్ని అంటిపెట్టుకున్న నీటిని ముందు వదిలించాలి. అయొడైడ్‌కు దానికి మోలుకు సుమారు 275 కిలోజౌల్స్ చాలు, క్లోరైడ్‌కు 340, ఫ్లోరైడ్‌కు 465. అదే 2014లో బీర్ బృందం హైడ్రోజన్ బంధాల స్థానంలో అయొడిన్‌తో ఏర్పడే హాలోజన్ బంధాలను రొటాక్సేన్ గూటిలో పెట్టి, నీటిలోనే రుణ అయాన్లను ఇంకా గట్టిగా పట్టవచ్చని చూపింది. నీటి పట్టు తక్కువ ఉన్న అయొడైడ్ లాంటి పెద్ద అయాన్లకు ఆ దారి బాగా పనికొచ్చింది. ఫ్లోరైడ్‌కు హాలోజన్ బంధం ఒక్కటే చాలదు. గూటిలో లోహం కూడా ఉండాలి, ఆ లోహం వెలగగలిగేదై ఉండాలి, దానికి కాంతిని అందించే అణువు తాకేంత దగ్గర నిలవాలి.